సీల చూసి ఎక్కే మనిషి

బళ్లారి బ్రూస్‌పేటలో మా సందులో నేత్రావతక్కను ఎరగనివాళ్లు లేరు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో ఆమెది చెకింగ్ పని. కుట్టి వచ్చిన ప్రతి ప్యాంటునూ చేతిలోకి తీసుకుని గుండీ లాగి చూస్తుంది. జిప్పు పైకీ కిందికీ తోసి చూస్తుంది. జేబులో చెయ్యి పెట్టి, అడుగు కుట్టు విడిపోతుందేమోనని వేళ్లతో పొడిచి చూస్తుంది. ఏ ప్యాంటునూ మొదటి చూపులో నమ్మదు. ఇంట్లోనూ అంతే. కొత్త కుక్కర్ తెస్తే మూడు రోజులు దాని పక్కన నిలబడదు. ఆటో ఎక్కితే డ్రైవరు ఏ సందులోంచి తిప్పుతున్నాడో కనిపెడుతూ కూర్చుంటుంది. భర్త నాగరాజ్ కుడతిని థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. బస్సు దిగి ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే ఆ కాస్త సేపూ ఎక్కడున్నాడో చెప్పాల్సిందే.

ఇన్ని అనుమానాల మనిషికి ఒక పిచ్చి ఉంది. ఊళ్లోకి ఎగ్జిబిషన్ దిగిందంటే ఆమెను ఇంట్లో ఆపలేరు. జెయింట్ వీల్, కొలంబస్ బోటు, బ్రేక్ డ్యాన్స్, డ్రాగన్ రైలు, ఏది వస్తే అది ఎక్కాలి. నలభై దాటిన వయసులో చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య అదిమిపట్టి బోటు చివరి వరసలో కూర్చునే ఆడమనిషి బళ్లారి మొత్తంలో ఆమె ఒక్కతే అయ్యుండాలి.

ఈ పిచ్చి దేశనూరులో మొదలైంది. ఆమె పుట్టిన ఊరది. జాతరకు చెక్క రాట్నం వచ్చేది. నాలుగు తొట్లు, మధ్యలో ఒక ఇరుసు, అంతే. మోటారు లేదు, ఇద్దరు మనుషులు చేతుల్తో తిప్పేవాళ్లు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాన్న కనకప్ప ఆమెను ఒక తొట్టిలో కూర్చోబెట్టి కింద నిలబడ్డాడు. ఆమె తొట్టి నడినెత్తికి చేరినప్పుడు, తిప్పే మనిషి కింది తొట్టి మీద కాలు అదిమిపెట్టి, రాట్నం ఆపి, బీడీ వెలిగించుకున్నాడు. పైనుంచి వరిమళ్లు, కాలువ, కాలువ అవతల కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు ఇళ్లు కనిపించాయి. బాగుంది. తర్వాత ఆమె తల వంచి కిందికి చూసింది. తను పైన ఉందంటే ఆ మనిషి కాలు వల్ల. అతను మరిచిపోయి కాలు తీస్తే? చీమ కుట్టి గోక్కుంటే? ఆ ఆలోచన రాగానే కడుపులో ఏదో జారింది. ఆ జారడమే ఆమెకు నచ్చింది. దిగీ దిగగానే నాన్న చొక్కా పట్టుకుని, "ఇంకొక తూరి" అని ఏడ్చింది.

ఆ తర్వాత ఏది ఎక్కినా ముందు తిప్పే మనిషిని చూడటం అలవాటైంది. కళ్లు ఎర్రగా ఉన్నాయా, పక్కవాళ్లతో మాటల్లో పడే రకమా, తూలుతున్నాడా. ఆ తర్వాత ఇనుము సంగతి. జెయింట్ వీల్‌కైతే తొట్టి వేలాడే సీల, బోటుకైతే మోకాళ్ల మీదికి దించే అడ్డకడ్డీ, దాని గొళ్లెం. ఒక ట్రిప్పు ఖాళీగా తిరిగేటప్పుడు కళ్లు మూసుకుని చప్పుడు వింటుంది. ఇంత చూసి, ఎక్కడో ఒకచోట అనుమానం తగిలాక, అప్పుడు పోయి ఎక్కుతుంది! అనుమానం తగలకపోతే ఆమెకు ఎక్కిన తృప్తి ఉండదు.

"ఎక్కేది దానికే కదమ్మా," అని నాతో ఒకసారి చెప్పింది. "ఆ సీల ఉంటుందా ఊడుతుందా అని చూస్తా చూస్తా తిరిగేదే సొగసు."

పెళ్లయిన కొత్తలో నాగరాజ్‌ను కూడా ఎక్కించింది. ఆయన నెమ్మది మనిషి. కొత్త పెళ్లాం పిలిచిందని సంబరంగా వచ్చి తొట్టిలో పక్కన కూర్చున్నాడు. తొట్టి పైకి లేవగానే నేత్రావతక్క ఆయన చెవి దగ్గరికి వంగింది. ఆయనేదో ముచ్చట అనుకున్నాడు.

"ఆ సీల చూడప్పా. పక్కకు వంగింది చూడు. అది ఊడిందంటే ఇద్దరమూ సీదా పోయి ఆ బజ్జీల బాండ్లిలోనే."

నాగరాజ్ కళ్లు మూసుకున్నాడు. చక్రం ఆగేదాకా తెరవలేదు. కిందికి దిగి, డేరా వెనక్కి పోయి కక్కుకుని వచ్చాడు. మళ్లీ ఎక్కనని తేల్చి చెప్పేశాడు. అది మొదలు, ఆమె పైన తిరుగుతుంటే ఆయన కింద ఆమె చెప్పులూ సంచీ పట్టుకుని నిలబడేవాడు. కూతురు అక్షత పుట్టాక అక్షతను కూడా ఎత్తుకుని నిలబడేవాడు. ఆమె దిగొచ్చి, ఈసారి ఏ బోల్టు వదులుగా ఉందో, ఏ కడ్డీకి తుప్పు పట్టిందో వివరంగా చెబుతుంటే తల ఊపుతూ వినేవాడు. "మా ఆయప్పకు పిరికి," అని ఆమె సందంతా చెప్పేది. ఆయన కాదనేవాడు కాదు.

పోయిన ఏడాది హోసపేట రోడ్డులో కొత్త పార్కు తెరిచారు. అక్షత డిగ్రీ చదువుతోంది. తనే ఫోన్లో టికెట్లు తీసి అమ్మానాన్నలను తీసుకుపోయింది. పెద్ద గేటు, లోపల పాలిష్ నేల, చెట్లకు కూడా లైట్లు. కొండంత ఎత్తున పట్టాలు వేసి, దాని మీద రైలుపెట్టెలు తలకిందులుగా పోతున్నాయి. నేత్రావతక్క ముందు తిప్పే మనిషి కోసం వెతికింది. దూరంగా అద్దాల గదిలో ఒక అమ్మాయి మైకు పట్టుకుని కన్నడంలో, ఇంగ్లీషులో జాగ్రత్తలు చెబుతోంది. అద్దం మీద ఎండ పడి ఆ అమ్మాయి మొహం కనబడలేదు.

"తిప్పేది ఆ పాపనా?"

"ఆమె ఊరికే బటన్ నొక్కుతుందిమా. మిగిలిందంతా కంప్యూటర్ చూసుకుంటుంది," అంది అక్షత.

"కంప్యూటర్ కండ్లు ఎట్ల చూసేది?"

అక్షత నవ్వింది. నేత్రావతక్క నవ్వలేదు. సీట్లో కూర్చోగానే భుజాల మీదికి అడ్డం దానంతట అదే దిగి, టక్కుమని బిగుసుకుంది. సీల కోసం చూసింది. ఎక్కడా లేదు. అంతా నున్నటి ఫైబర్ కప్పు, దాని మీద పులిబొమ్మ. రైలు పైకి పోయింది, పడింది, తిరగబడింది. పక్కన అక్షత గొంతు పోయేలా అరిచింది. నేత్రావతక్క మాత్రం ఒక పెద్ద యంత్రం తనను మూట కట్టి విసిరి, మళ్లీ పట్టుకుని తెచ్చి దించినట్టుగా దిగొచ్చింది. అనుమానపడటానికి ఏమీ దొరకలేదు. ఆ దొరకకపోవడమే ఆమెకు పెద్ద అనుమానమైంది.

"అన్నీ కప్పి పెట్టిరంటే ఏందో ఉండాది," అంది.

ఇంకొక దాంట్లో చీకటి గదిలో కళ్లద్దాలు పెట్టి కుర్చీలు కుదిపారు. ఎదురుగా తెర మీద లోయలు, మంచుకొండలు. ఆమె మధ్యలోనే కళ్లద్దాలు పక్కకు తీసి చూసింది. కుర్చీలన్నీ ఉన్నచోటే ఉండి ఊగుతున్నాయి. వాటిలో జనం, ఎక్కడికీ పోకుండానే, కేకలు పెడుతున్నారు. బయటికొచ్చి, "యాడికీ పోలేదు మనం," అని వరసలో నిలబడినవాళ్లకు కూడా చెప్పబోతే అక్షత చెయ్యి పట్టి లాక్కుపోయింది.

అక్కడే మొదలైంది అసలు కథ. కొత్త పార్కులోనూ ఒక బోటు ఉంది, తళతళలాడే రాగిరంగుది. ముగ్గురూ దాని ముందు నిలబడ్డారు. నాగరాజ్ చేతిలో ఎప్పట్లాగే సంచీ. ఆయన బోటును కాసేపు చూసి, తనలో తను అన్నట్టుగా, "మన ఎగ్జిబిషన్ గ్రౌండులో బోటుకన్నా ఇది మెల్లగా దిగుతాంది," అన్నాడు.

నేత్రావతక్క తల తిప్పింది.

"నీకెట్ల తెలుసు?"

"చూస్తే తెలీదా?"

మాట మామూలుగానే అన్నాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. బోటు దిగేటప్పటి వేగం కింద నిలబడి చూసేవాళ్లకు తెలియదు. కడుపుకు తెలుస్తుంది. అది ఆమెకు బాగా తెలుసు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆమె ఆయన వైపు చూడలేదు, కానీ మనసంతా ఆ మాట మీదే ఉంది.

మరుసటి వారం గ్రౌండులోకి ఎగ్జిబిషన్ దిగింది, ఈసారి ఆమె మాత్రం అటు పోకుండా ఆయన చొక్కాలు పట్టుకుంది. ప్లాంటు నుంచి వచ్చిన చొక్కా బకెట్లో వేస్తే నీళ్లు బూడిదరంగుకు తిరుగుతాయి. ఇన్నేళ్లుగా చూస్తున్నదే. ఇప్పుడు కొన్ని రోజులు ఆ నీళ్లు తేటగా ఉంటున్నాయి. ఒకరోజు చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. డీజిలు పొగ, బజ్జీల నూనె.

"ఏమప్పా, నిన్న పనికి పోలేదా?"

"పోతి. ఓటీ కూడా చేస్తి."

"చొక్కాకు బూడిదే లేదే."

"ఆఫీసు కాడ వేసిరి పని. ఆడ ఫ్యాను కింద కూసోబెట్టిరి."

ఆమె చొక్కాను బకెట్లోకి విసిరింది. ఆరోజు యూనిట్‌లో మంచి ప్యాంట్లను కూడా పక్కకు పడేసిందని సూపర్‌వైజర్ గొణిగాడు.

నాలుగురోజుల తర్వాత ఎదురింటి అంజినమ్మ కొళాయి దగ్గర కలిసింది. అంజినమ్మ ఏ మాటా ఊరికే చెప్పదు. ముందు నీళ్లు పట్టుకుంది, తర్వాత బిందె పక్కన పెట్టింది, తర్వాత కొంగు సర్దుకుంది.

"మీ ఆయప్ప ఈ మధ్య ఎగ్జిబిషన్ కాడ కనిపిస్తాండాడే."

"ఏ ఆయప్ప?"

"నీకు ఎంతమందిమ్మా? నాగరాజప్పే. మొన్న చూస్తి. నవ్వుతాండె. నీతో ఉండేటప్పుడు అంత నవ్వంగ నేనైతే చూల్లేదు."

"ఒక్కడే ఉండెనా?"

అంజినమ్మ బిందె చంకకెత్తుకుంది. "ఎవురు ఎవురితో ఉండేది ఆ గుంపులో యాడ తెలుస్తుందిలే," అని వెళ్లిపోయింది. ఆ జవాబును నేత్రావతక్క అన్నం తినేటప్పుడూ తిప్పి తిప్పి చూసుకుంది.

నాగరాజ్ మళ్లీ ఓటీ ఉందన్న రోజున, ఆమె తలనొప్పి అని యూనిట్ నుంచి ముందే బయటపడి ఆటో ఎక్కింది. ఆరోజు డ్రైవరు ఏ సందులోంచి పోతున్నాడో కూడా చూడలేదు. గ్రౌండు చేరేసరికి ఎండ ఇంకా దిగలేదు. లైట్లు వేయలేదు. జనరేటర్ మాత్రం దడదడమంటోంది. ఎండలో ఎగ్జిబిషన్ చూస్తే అన్నీ బయటపడతాయి. రంగు లేచిన గుర్రాలు, చిరిగిన డేరా, లారీ మీద ఆరేసిన తువ్వాళ్లు. బొమ్మల అంగడి పక్కన నిలబడి ఆమె చుట్టూ చూసింది.

బోటు ఊగుతోంది. చివరి వరసలో, బోటు ముక్కు ఆకాశంలోకి లేచే చోట, నాగరాజ్ కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకుని లేడు. రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి, కుర్రవాడిలా కేకలు వేస్తున్నాడు. పక్కన ఒక ఎర్రచీర. ఆ ఎర్రచీర ఆయన భుజం పట్టుకుని నవ్వుతోంది. ఆయనా నవ్వుతున్నాడు.

నేత్రావతక్క ఒక అడుగు ముందుకేసి ఆగింది. అంగడి కర్ర పట్టుకుంది. పెళ్లి నాటి నుంచి కింద చెప్పులు పట్టుకుని నిలబడిన మనిషి ఈయనేనా అనిపించింది. బోటు ఆగేదాకా చూపు తిప్పలేదు. ఆగింది. ఎర్రచీరామె దిగి, "రీ, నంగె తలె తిరగ్తాయిదే," అని కన్నడంలో తల తిరుగుతోందని చెబుతూ, ముందు వరసలోంచి దిగుతున్న మీసాల మొగుడి చెయ్యి అందుకుంది. వాళ్ల వెనకే ఇద్దరు పిల్లలు దిగారు. నలుగురూ కలిసి చెరుకురసం బండి వైపు పోయారు. నాగరాజ్ దిగలేదు. మళ్లీ చీటీ ఇచ్చి అదే సీట్లో కూర్చున్నాడు.

ఆమెకు ఊపిరి వచ్చింది కానీ నమ్మకం రాలేదు. నేరుగా బోటు నడిపే మనిషి దగ్గరికి పోయింది. అతని పేరు హనుమేష్. ప్రతి ఏడాదీ ఈ బోటుతోనే వస్తాడు. ఎక్కే ముందు ఆమె పరీక్షగా కళ్లు చూసే మనుషుల్లో అతనొకడు.

"ఆ చివర కూసున్న ఆయప్ప దినామూ వస్తాండాడా?"

"నాగరాజప్పనా? బోటు బిగించిన కాడ నుంచి వస్తాండాడక్కా. కడా సీటు ఆయనదే."

"ఎవురితో వస్తాడు?"

"ఒక్కడే. యాలక్కా, ఏమన్నా తప్పాయెనా?"

ఆ మాటల్లో ఉండగానే పైనుంచి నాగరాజ్ ఆమెను చూశాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. బోటు ఆయనను కిందికి తెచ్చింది, పైకి తీసుకుపోయింది, మళ్లీ కిందికి తెచ్చింది. ప్రతిసారీ ఆమె అక్కడే నిలబడి ఉంది. దిగడానికి వీలులేదు. ట్రిప్పు అయ్యేదాకా ఆమె ముందే ఊగాల్సి వచ్చింది పాపం.

ఇద్దరూ బజ్జీల బండి పక్కన బెంచీ మీద కూర్చున్నారు. బొరుగులూ బజ్జీలూ తెచ్చి మధ్యలో పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు.

"పిరికి అని చెప్తివి కదప్పా నాతో," అంది.

"నేనెప్పుడంటి? నువ్వే అంటివి."

అది నిజమే. ఆమె మాట మార్చింది. "మరి ఇదేంది? పని ఎగ్గొట్టి ఓటీ అని చెప్పేది, ఈడికొచ్చి చిన్నపిల్లోని మాదిరి అరిచేది. ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన ఏడాది మా ప్లాంటు వాళ్లు బలవంతం చేసి ఎక్కించిరి. పక్కన కూసున్నోడు సినిమా సంగతి చెప్తాండె. ఎవురూ నాకు ఏ సీలా చూపియ్యలా. ఏ బోల్టు మాటా ఎత్తలా. బోటు ఊగె. కడుపులో జిల్లుమనె. దిగినాక చూస్తే నాకేం కాలా. మళ్లీ ఎక్కితి."

"ఇంటికొచ్చి చెప్పరాదా? నేనూ వస్తాంటి కదా."

నాగరాజ్ బజ్జీ తొడిమ తుంచుతూ కూర్చున్నాడు. "వస్తావు. వచ్చి పక్కన కూసుంటావు. కూసొని, అది చూడు, ఇది చూడు అంటావు."

"నీ మంచికే కదా చెప్పేది!"

"నీకు అది చూసుకుంటే సంతోషం, నేత్రా. నాకు అది వింటే పై ప్రాణం పైనే పోతాది. ఇన్నేండ్లూ ఆ భయం నాదే అనుకుంటి. ఒక్కణ్ణే ఎక్కినాక తెలిసె, అది నాది కాదు."

ఇంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ మాట్లాడి ఉండడు. ఆమెకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటిలో ఏది ముందు రావాలో తేలక బజ్జీ తీసుకుని కొరికింది. మిరపకాయ కారం కళ్లలోకి వస్తే అది సాకుగా కొంగుతో తుడుచుకుంది.

"పద. ఇప్పుడు ఇద్దరమూ ఎక్కుదాం. నేను నోరు తెరిస్తే అడుగు," అంది.

ఆయన నమ్మలేదు. అయినా లేచాడు.

చివరి వరసలో పక్కపక్కన కూర్చున్నారు. హనుమేష్ వచ్చి అడ్డకడ్డీ దించాడు. ఆమె చూడకూడదనుకుంది, కళ్లు వాటంతట అవే పోయాయి. నాగరాజ్ వైపు గొళ్లెంలో సీల ఉండాల్సిన చోట చుట్టిన తీగ కనిపించింది. ఒట్టి కట్టుతీగ. నోటిదాకా మాట వచ్చింది. ఆయన అప్పటికే ఆకాశం వైపు చూస్తూ సన్నగా నవ్వుతున్నాడు. చెబితే ఆ నవ్వు పోతుంది. చెప్పకపోతే మనిషే పోతాడేమో.

"ఒక్క నిమిషం, చెప్పు జారింది," అని కడ్డీ కింద నుంచి దూరి కిందికి దిగింది. హనుమేష్ దగ్గరికి పోయి, పళ్ల బిగువున, "ఆడ సీల యాడబోయె? తీగ కట్టినారేంది?" అంది.

హనుమేష్ ఆమెను బోటు వెనకవైపు తీసుకుపోయి, నాగరాజ్‌కు కనబడని గొళ్లెం అవతలి పక్క చూపించాడు. లావుపాటి కొత్త సీల, మెరుస్తూ ఉంది. తీగ గొళ్లెం గలగలలాడకుండా కట్టిందట. ఆమె సీల పట్టుకుని లాగింది. కదల్లేదు. ఇంకోసారి లాగింది.

తిరిగొచ్చి కూర్చుంటే నాగరాజ్ ఆమె వైపు అనుమానంగా చూశాడు.

"ఏం చెప్పొస్తివి వానికి?"

"ఏం లేదు."

"ఏం లేకుండా నువ్వు దిగవే."

"మెల్లగా ఊపమంటి. చాలునా?"

ఆ మాట నమ్మాడో లేదో, బోటు కదిలింది. నేత్రావతక్క గట్టిగా కళ్లు మూసుకుంది. తెరిస్తే ఇంకేదో కనబడుతుంది, కనబడితే నోరు ఊరుకోదు. బోటు ఎత్తుకు లేచి ఒక్కసారి వదిలేసింది. పక్కన నాగరాజ్ కేక పెట్టాడు. ఆమె చెయ్యి దొరికితే పట్టుకుని పైకెత్తాడు. ఆమె ఎత్తనిచ్చింది. ఇంత చేసినా ఆ ఊగడం ఆమెకు నచ్చలేదు. చూడకుండా ఊగితే హోసపేట రోడ్డు పార్కులో మూట కట్టి విసిరినట్టే ఉంది. దిగాక ఆ సంగతి ఆయనకు దాచకుండా చెప్పింది.

"నీ మాదిరి నాకు కాదప్పా."

"నీ మాదిరి నాకూ కాదు."

ఆ సాయంత్రం నుంచి ఒక పద్ధతి కుదిరింది. ఆయన బోటుకు పోతాడు, ఆమె జెయింట్ వీల్‌కు పోతుంది. చెప్పులూ సంచీ బజ్జీల బండామె దగ్గర పెడతారు. దిగొచ్చాక ఆమె తను చూసిన బోల్టుల గురించి బండామెకు చెబుతుంది. బండామె నూనెలోంచి కళ్లెత్తకుండా ఊఁ కొడుతుంది. ఇంట్లో బకెట్ నీళ్లు తేటగా ఉన్న రోజు ఆమె ఇప్పుడు అడగదు. అడగదు గానీ, చొక్కాను ముక్కు దగ్గరికి తెచ్చుకోవడం మాత్రం మానలేదు. డీజిలు, నూనె వాసనలు రెండూ ఉన్నాయా లేవా అని చూసి బకెట్లో వేస్తుంది.

సీజన్ అయిపోయి ఎగ్జిబిషన్ సామాను లారీలకెక్కింది. తర్వాతి మకాం కంప్లిలో అని హనుమేష్ చెప్పాడట. ఆదివారం నాగరాజ్ తనంతట తనే, "పోయొద్దామా?" అన్నాడు. ఎన్నడూ తనుగా పిలవని మనిషి ఇప్పుడెందుకు పిలుస్తున్నాడని ఆమెకు ఉదయమంతా తెగలేదు. అయినా మంచి చీర కట్టుకుని బయల్దేరింది. బస్సులో కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు చేతిలో పెడితే దాన్ని కూడా వెనకా ముందూ తిప్పి చూసింది. తర్వాత కండక్టరు వెళ్లిన వైపు చూసి, భర్త వైపు తిరిగింది.

"ఆయప్ప నిన్ను చూసి నవ్వె. యాల?"

"నన్నా? నాకేం తెలుసు."

"ఇంతకు ముందు ఈ బస్సులో పోయింటివా కంప్లికి?"

నాగరాజ్ కిటికీ వైపు తిరిగి, పొలాల్లో వరి ఈసారి బాగా పండిందన్నాడు. కురుగోడు దాటేదాకా నేత్రావతక్క ఆయన చెవులు ఎర్రబడతాయేమోనని చూస్తూ కూర్చుంది.